గ్రావెల్ క్వారీ విస్తరణ ఆగాలంటే ముందు చూడాల్సింది తేదీ

అనంతపురం కలెక్టరేట్‌లో మూడు సోమవారాలు అర్జీ ఇచ్చినా గ్రావెల్ క్వారీ మీ చేల వైపు పెరుగుతూనే ఉందన్నారు కదా. ఆ అర్జీలో దుమ్ము, పంట నష్టం మాత్రమే రాసి ఉంటారు. అందుకే కదల్లేదనిపిస్తోంది. లీజు విస్తీర్ణం పెంచాలంటే మళ్లీ ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. కేంద్ర పర్యావరణ శాఖ 2006లో ఇచ్చిన పర్యావరణ ప్రభావ అంచనా (EIA) నోటిఫికేషన్ చెప్పేది అదే.

1. పర్యావరణ అనుమతుల కోసం కేంద్రం నడిపే పరివేష్ వెబ్‌సైట్‌లో క్వారీ అనుమతి ఉత్తర్వు వెతకండి. దొరక్కపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. అనుమతి ఏ సర్వే నంబర్లకు, ఎన్ని హెక్టార్లకు ఇచ్చారో అందులో చూసుకోండి.

2. తవ్వకం ఆ నంబర్లు దాటితే గనుల శాఖకు, కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఇచ్చి హద్దులు కొలవమని అడగండి. రసీదు తీసుకోండి.

3. విస్తరణకు కొత్త అనుమతి వచ్చేసిందా? చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఉత్తర్వు తెలియపరిచిన రోజు నుంచి 30 రోజుల్లో పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచ్‌లో అప్పీలు వేయాలి. సరైన కారణం ఉంటే ఇంకో 60 రోజులు ఇవ్వొచ్చు, అంతకు మించి లేదు. కలెక్టరేట్‌లో అర్జీ పెండింగ్‌లో ఉందని గడువు ఆగదు, అన్నా. మన రైతులు ఆ నమ్మకంతోనే రోజులు పోగొట్టుకుంటున్నారు, చూస్తే బాధేస్తుంది.

ఉత్తర్వు మీద తేదీ ఈరోజే చూడండి.