డేటా కాపాడుకునే తొందరలో ఇంటిని అప్పులోకి దించకండి

ప్రశ్న: హనుమకొండలో ఫొటో స్టూడియో నడుపుతున్నాను. నెలకు సగటున 45,000 రూపాయల ఆదాయం. ఇంటి ఖర్చు 24,000, కెమెరా కిస్తీ 11,000, చిట్టీకి 5,000 పోతాయి. బ్యాంకులో 62,000 ఉన్నాయి. గత నెల పోర్టబుల్ డిస్కు చెడిపోయి ఒక పెండ్లి వీడియో పోయింది. ఆ కుటుంబానికి 40,000 తిరిగి ఇచ్చాను. అందుకే ఇంట్లో బ్యాకప్ సర్వర్ పెట్టాలనుకుంటున్నాను. నాలుగు డిస్కులు పట్టే నాస్ పెట్టె (ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించి ఫైళ్లు దాచుకునేది) 47,000, 8 టీబీ డిస్కులు నాలుగు 88,000, మొత్తం 1,35,000 అన్నారు. 4 టీబీ డిస్కయితే ఒక్కొక్కటి 11,000. నా డేటా 5 టీబీ ఉంటుంది. 24 శాతం వడ్డీకి రెండేళ్ల పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా? అమ్మానాన్నలు మాతోనే ఉంటారు, నాన్నకు షుగర్ ఉంది. హెల్త్ పాలసీ లేదు, ఆహార భద్రత కార్డు కూడా లేదు.

జవాబు: తీసుకోవద్దు. సొంత వృత్తి మీద బతికే చాలామంది చేసే పొరపాటు మీ ప్రశ్నలో స్పష్టంగా కనిపించింది కాబట్టే దీనికి వివరంగా జవాబు ఇస్తున్నాను. ఒక నష్టం జరగగానే, అది మళ్లీ జరగకూడదన్న ఆరాటంలో, అంతకంటే పెద్ద నష్టానికి మనమే దారి చేసుకుంటాం.

మీరు రాసిన అంకెలే చూడండి. ఖర్చులన్నీ పోగా మీకు నెలకు మిగిలేది 5,000. ఈ అప్పుకు వచ్చే కిస్తీ సుమారు 7,140. మొదటి నెల నుంచే లోటు. రెండేళ్లలో వడ్డీ ఒక్కటే దాదాపు 36,000 అవుతుంది. ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం. అంటే పోయిన వీడియోకు మీరు తిరిగి ఇచ్చినంత సొమ్మును ఈసారి అప్పిచ్చినవారికి కడతారు. మిగులు కంటే కిస్తీ ఎక్కువని తెలిసి కూడా ఇలాంటి అప్పు అంటగట్టేవారి మీద నాకు ఎంత కోపమో, అంకెలు వేసుకోకుండా సంతకం పెట్టేవారి మీదా అంతే కోపం.

పైగా 45,000 అన్నది సగటు. ఆషాఢంలో, భాద్రపదంలో, పుష్యంలో పెండ్లిళ్లు ఉండవు. మధ్యలో మూఢం వస్తే ఇంకొన్ని వారాలు ఖాళీ. ఆ రోజుల్లో కూడా కెమెరా కిస్తీ, చిట్టీ ఆగవు. నెలకు తప్పనిసరి ఖర్చు 40,000 ఉన్న ఇంటికి 62,000 నెలన్నరకే సరిపోతుంది. మీ వృత్తికి ఆరు నెలల ఖర్చు, అంటే 2,40,000, చేతికందేలా ఉండాలి. నెలజీతం ఉన్నవారికి మూడు నెలలు చాలునేమో గానీ మీకు చాలదు. ఈ నిధి సిద్ధమయ్యేదాకా ఉన్న 62,000లో ఒక్క రూపాయి కూడా డిస్కులకు వాడకండి. చిట్టీని తక్కువకు పాడి ముందే ఎత్తుకోవద్దు; చివరిదాకా ఉంచి, వచ్చిన మొత్తాన్ని నేరుగా ఈ నిధిలో వేయండి. బంగారం తాకట్టు గురించి కూడా ఆలోచించవద్దు.

ఇక సర్వర్ విషయం. నాలుగు డిస్కుల పెట్టె మీకు అవసరం లేదు. ఆల్బమ్ అప్పగించి, డబ్బు పూర్తిగా అందిన పెండ్లిళ్ల ముడి ఫైళ్లను ఏడాది తర్వాత తీసేస్తామని ఒప్పందంలో రాసుకోండి. పాత వినియోగదారులకు ముందుగా కబురు చేసి, ఎడిట్ చేసిన ఫొటోలు, తుది వీడియో మాత్రమే ఉంచితే 4 టీబీలో సర్దుకోవచ్చు. రాబోయే ముహూర్తాల అడ్వాన్సుల నుంచి 22,000 పక్కన పెట్టి రెండు 4 టీబీ డిస్కులు కొనండి. ఒకటి మీ ఎడిటింగ్ కంప్యూటర్‌లో ఉంటుంది. రెండోదాన్ని యూఎస్‌బీ డాక్‌లో (డిస్కును కంప్యూటర్‌కు బయటి నుంచి తగిలించే స్టాండులో) పెట్టి వారానికోసారి కాపీ చేసి, మరో పేటలో ఉన్న బంధువుల ఇంట్లో ఉంచండి. రెండు డిస్కుల్లో ఒకే డేటా అద్దంలా ఉండే రెయిడ్ ఏర్పాటు ఒక డిస్కు చెడిపోతే ఆదుకుంటుంది గానీ, పొరపాటున చెరిపేసిన ఫైలును, దొంగతనాన్ని, నీళ్లను ఆపలేదు. 2020 ఆగస్టులో, 2023 జులైలో వరంగల్, హనుమకొండ కాలనీల్లోకి వరద వచ్చిన సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. నాలుగు డిస్కులూ ఒకే గదిలో ఉంటే నాలుగూ ఒకేసారి తడుస్తాయి.

అత్యవసర నిధి నిండాక కూడా సర్వర్ కావాలనిపిస్తే, ఆఫీసుల నుంచి వచ్చే పాత టవర్ డెస్క్‌టాప్ చాలు. చిన్న సైజు మోడళ్లలో చాలావాటికి పెద్ద డిస్కు ఒక్కటే పడుతుంది, కాబట్టి మూత తెరిపించి, రెండు డిస్కులకు చోటు, వాటిని తగిలించే సాటా పోర్టులు ఉన్నాయో లేదో చూసి తీసుకోండి. ఇలాంటి యంత్రం సగటున 30 వాట్లు వాడుకుంటే నెలకు 22 యూనిట్ల దాకా కాలుతుంది. రాత్రి ఆపేస్తే అదీ తగ్గుతుంది. దాన్ని నాస్‌గా మార్చే ఓపెన్‌మీడియావాల్ట్, ట్రూనాస్ వంటి సాఫ్ట్‌వేర్ ఉచితమే. యూపీఎస్ మాత్రం మానవద్దు. రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్లు పాడవుతాయి. డిస్కులు కొనేటప్పుడు సీఎంఆర్ రకమని (డేటా వరుసలు ఒకదాని మీదికి ఒకటి రాకుండా రాసేవని) బిల్లు మీద రాయించుకోండి. ఆ వరుసలను కొంత ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా రాసే ఎస్‌ఎంఆర్ డిస్కులు ఎక్కువసేపు రాయవలసి వచ్చినప్పుడు బాగా నెమ్మదిస్తాయి. 2020లో నాస్ కోసమని అమ్మిన కొన్ని డబ్ల్యూడీ (వెస్టర్న్ డిజిటల్ కంపెనీ) రెడ్ డిస్కులు కూడా ఆ రకమేనని బయటపడింది. వాడిన డిస్కులు ఎంత చవకగా వచ్చినా వద్దు.

వీటన్నిటికంటే ముందు ఈ నెలలోనే చేయవలసిన పని ఒకటి ఉంది. ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకు పెరిగిందని చాలామంది ధీమాగా ఉంటారు. ఆహార భద్రత కార్డు లేని మీకు ఆ ధీమా లేదు. వీడియో పోతే 40,000తో తీరింది, ఆస్పత్రి బిల్లు అలా తీరదు. ఆ అప్పు కోసం నెలకు 7,140 కట్టడానికి సిద్ధపడ్డారు కదా, మిగిలే 5,000 నుంచే మీకు, భార్యాపిల్లలకు ఒక ఫ్యామిలీ ఫ్లోటర్ (అందరికీ కలిపి ఒకే బీమా మొత్తం ఉండే పాలసీ) తీసుకోండి, అమ్మానాన్నలకు విడిగా మరో పాలసీ చూడండి. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి తీసేశారు, ఆ మేరకు భారం కొంత తగ్గింది. దరఖాస్తులో నాన్నగారి షుగర్ సంగతి దాచకుండా రాయండి. ముందునుంచీ ఉన్న జబ్బుకు గరిష్ఠంగా మూడేళ్లు ఆగవలసి ఉంటుంది. దాచిపెడితే క్లెయిమ్‌నే తిరస్కరించవచ్చు. ఆ మూడేళ్ల లెక్క పాలసీ తీసుకున్న రోజు నుంచే మొదలవుతుంది, కాబట్టి సీజన్ అయ్యాక చూద్దామని వాయిదా వేయకండి.