పాఠకుల ప్రశ్నలు: కొత్త నిబంధన పట్టిక నైకియాలో తేలిందా?

ప్రశ్న: క్రీ.శ. 325లో నైకియా సభలో ఓట్లు వేసి కొత్త నిబంధన పుస్తకాలు ఎంచారనీ, అక్కడ అతనాసియస్ మాటే చెల్లిందనీ వాట్సాప్‌లో తిరుగుతోంది. నిజమేనా?

జవాబు: రెండూ తప్పే. బిషప్పుల ఆ సభ ముందున్నవి క్రీస్తు కూడా తండ్రి అయిన దేవుడు చేసిన సృష్టేనన్న అరియస్ బోధ, ఈస్టర్ తేదీ, ఐగుప్తులో మెలీషియస్ వర్గం తెచ్చిన చీలిక. సభ చేసిన 20 నియమాల్లో పుస్తకాల ఊసే లేదు. అతనాసియస్ అప్పటికి బిషప్పు కాడు. అలెగ్జాండ్రియా బిషప్పు అలెగ్జాండర్ వెంట వెళ్ళిన డీకన్ (సహాయకుడు), అంతే. 328లో ఆయన స్థానంలోకి వచ్చాడు.

పట్టిక వచ్చింది 367లో, అదీ అతనాసియస్ రాసిన ఒక పండుగ ఉత్తరంలో. ఆ ఏడు ఈస్టర్ ఎప్పుడో, ఉపవాసాలు ఏ రోజు మొదలో తేల్చి ఐగుప్తు సంఘాలకూ మఠాలకూ ఏటేటా ఉత్తరం పంపడం అలెగ్జాండ్రియా బిషప్పు పని. మనకు పంచాంగం ఎలాగో వాళ్ళకు ఆ ఉత్తరం అలాగ. 367లో ఈస్టర్ ఏప్రిల్ 1న పడింది. ఆ ఏటిది 39వ ఉత్తరం. అపొస్తలుల పేర్లు తగిలించిన రహస్య గ్రంథాలు జనంలో తిరుగుతున్నాయని, ఏవి చదవాలో అందులోనే రాశాడు.

కొత్త నిబంధనలో సరిగ్గా మన 27 పుస్తకాలే చెప్పాడు. వరుస మాత్రం వేరు: నాలుగు సువార్తలు, అపొస్తలుల కార్యములు, ఆ వెంటనే యాకోబు నుంచి యూదా దాకా ఏడు పత్రికలు, తర్వాత పౌలువి 14, చివర ప్రకటన. హెబ్రీయులకు రాసిన పత్రికను పౌలు ఖాతాలోనే వేసి, థెస్సలొనీకయుల పత్రికలకూ తిమోతికి రాసినవాటికీ మధ్య ఉంచాడు.

చాలామంది తడబడేది పాత నిబంధన దగ్గర. హెబ్రీ అక్షరాలు 22 కాబట్టి పుస్తకాలూ 22 అన్నాడు. పన్నెండుమంది చిన్న ప్రవక్తలు కలిపి ఒకటి. యిర్మీయాతో విలాపవాక్యములు, బారూకు, యిర్మీయా లేఖ కలిపి ఇంకొకటి. ఎస్తేరు ఇందులో లేదు! సొలొమోను జ్ఞానం, సీరా, యూదితు, తోబితు, దిదఖే, హెర్మాసు కాపరి అనే రచనలతో పాటు దాన్నీ కొత్తగా చేరేవాళ్ళకు చదివించడానికి పనికొచ్చే వరుసలో పెట్టాడు. కాబట్టి ప్రొటెస్టెంట్ల 66 పుస్తకాల బైబిలుకు గాని, కాథలిక్కుల 73కు గాని ఈ ఉత్తరాన్ని ముక్కస్య ముక్కగా సాక్ష్యం తెస్తే కుదరదు.

ప్రశ్న: అతనాసియస్‌ని అయిదుసార్లు ఎందుకు వెళ్ళగొట్టారు?

జవాబు: ఒక్కోసారి ఒక్కో సాకు. అసలు తగాదా ఎక్కువగా అరియస్ పక్షం వాళ్ళతో, వాళ్ళ మాట విన్న చక్రవర్తులతో. మొదటిది చూడండి. అర్సేనియస్ అనే బిషప్పును చంపించాడని, ఆయనదంటూ ఒక తెగిన చెయ్యి తూరులో జరిగిన బిషప్పుల సభలో చూపించారు. అతనాసియస్ మనుషులు ఆ అర్సేనియస్‌నే వెతికి పట్టుకొచ్చారు. రెండు చేతులూ భద్రంగా ఉన్నాయి! ఆ నింద నిలవలేదు. రాజధాని కానిస్టాంటినోపుల్‌కు గోధుమ ఓడలు ఆపేస్తానన్నాడన్న మాట మాత్రం చక్రవర్తి కాన్‌స్టంటైన్ చెవిన బాగా పనిచేసింది. నగరం తిండి అంతా ఐగుప్తు ధాన్యం మీదే మరి. 335లో త్రియర్‌కు పంపేశారు. అది ఇప్పటి జర్మనీలో ఉంది.

రెండోసారి 339 నుంచి 346 దాకా, మొదట రోములో. 356 ఫిబ్రవరిలో రాత్రి జాగరణ జరుగుతుండగా సైనికులు గుడిని చుట్టుముట్టారు. తప్పించుకుని ఎడారి సన్యాసుల దగ్గర ఆరేళ్ళు దాక్కున్నాడు. తర్వాతి రెండూ జూలియన్, వాలెన్స్ చక్రవర్తుల కాలంలోవి, చిన్నవి. మొత్తం 45 ఏళ్ళ పదవిలో 17 ఏళ్ళకు పైగా బయటే గడిచాయి.

ప్రశ్న: ఆరాధనలో మనం చెప్పే నైకియా విశ్వాస ప్రమాణం అతనాసియస్‌దేనా? అతనాసియస్ ప్రమాణమో?

జవాబు: రెండూ ఆయన రాసినవి కావు. నైకియా ప్రమాణం సభది. కుమారుడు తండ్రితో ఒకే తత్వం గలవాడన్న మాట కోసం జీవితమంతా పోరాడాడు కాబట్టి ఆయన పేరు దానికి అంటుకుంది. పైగా 325 నాటి పాఠం పరిశుద్ధాత్మను నమ్ముచున్నామన్న మాటతోనే ఆగుతుంది, ఆ వెంటనే అరియస్ బోధ మీద శాపవాక్యాలు. ఇప్పుడు చర్చిల్లో చెప్పే పొడుగు పాఠాన్ని 381 నాటి కానిస్టాంటినోపుల్ సభకు ముడిపెడతారు. ఆయన 373లోనే చనిపోయాడు. ఇక ‘అతనాసియస్ ప్రమాణం’ లాటిన్‌లో పుట్టింది, అదీ ఆయన పోయాక చాలాకాలానికి. ఆయన రాసింది గ్రీకులో.