లినక్స్ రచ్చ గెలిచింది, ఇంట గెలుస్తుందా?

"ముందు ముందు లినక్స్ లాంటి ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లు విండోస్, మ్యాక్‌ఓఎస్‌లను పక్కకు నెట్టేస్తాయా? నేను ఇప్పుడే మారిపోవాలా?" అని అడిగారు. సర్వర్లు చూసుకోవడం, ఆఫీసులో ఎవరి కంప్యూటర్ మొరాయించినా వెళ్లి చూడటం నా ఉద్యోగం. కోడ్ అందరికీ తెరిచి ఉండే ఓపెన్ సోర్స్‌నూ, కంపెనీ తన దగ్గరే దాచుకునే రకాన్నీ రోజూ వాడతాను, రెండింటినీ రోజూ తిట్టుకుంటాను. కాబట్టి ఎవరి జెండా మోయకుండానే చెప్పగలననుకుంటున్నాను.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. లినక్స్ విషయంలో ఇది తిరగబడింది. రచ్చ ఎప్పుడో గెలిచేసింది. ప్రపంచంలో అత్యంత వేగవంతమైన 500 సూపర్‌కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నుంచి ఉన్నవన్నీ లినక్స్ మెషిన్లే. ఆండ్రాయిడ్ అడుగున ఉన్నది లినక్స్ కెర్నలే (కెర్నల్ అంటే హార్డ్‌వేర్‌ను నడిపే, ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ). 2001లో లినక్స్‌ను క్యాన్సర్ అన్నాడు అప్పటి మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్. అదే కంపెనీ 2019లో విండోస్ లోపలే నిజమైన లినక్స్ కెర్నల్ పెట్టి ఇస్తామని ప్రకటించింది, ఇచ్చింది కూడా. మ్యాక్‌ఓఎస్ కింద ఉండే డార్విన్ అనే పునాది సోర్స్ కోడ్ కూడా చాలా భాగం ఆపిల్ బయట పెట్టినదే. కెర్నల్ వరకు చూస్తే ఇక పెద్దగా పోటీ లేదు.

గొడవ ఇప్పుడు పై అంతస్తుకు మారింది. అప్‌డేట్ ఎవరిస్తారు, బూట్‌లోడర్ (ఆన్ చేయగానే ఓఎస్‌ను లేపే ప్రోగ్రామ్) తాళం ఎవరి దగ్గరుంటుంది, ఒక యాప్ ఏ ఫోన్లో నడవాలో ఎవరు తేలుస్తారు అన్నవే ఇకమీద అసలు ప్రశ్నలు. ఇది నాకు అర్థమైంది సర్వర్ల దగ్గర కాదు, ఫోన్ల దగ్గర.

నా దగ్గర రెండు పాత ఆండ్రాయిడ్ ఫోన్లు ఉండేవి. ఒకదానికి కంపెనీ అప్‌డేట్లు ఆపేసింది, బూట్‌లోడర్ కూడా అన్‌లాక్ చేయనివ్వదు. రెండోదానికీ అప్‌డేట్లు ఆగిపోయాయి కానీ బూట్‌లోడర్ తెరుచుకుంది. అందులో లీనేజ్‌ఓఎస్ అనే ఓపెన్ సోర్స్ ఆండ్రాయిడ్ వేశాను. రెండింటిలో సెట్టింగ్స్ తెరిచి పక్కపక్కన పెట్టి చూస్తే, మొదటి ఫోన్ సెక్యూరిటీ ప్యాచ్ ఏళ్ల నాటిది, రెండోది ఆ నెలదే. ఇప్పుడు రెండింటిలోనూ బ్యాంకు యాప్ పెట్టాను. ఏళ్ల నాటి ప్యాచ్ ఉన్న ఫోన్లో మాట్లాడకుండా తెరుచుకుంది. తాజా ప్యాచ్ ఉన్న ఫోన్లో మాత్రం "ఈ పరికరం సురక్షితం కాదు" అని మూసుకుంది. ఇలాంటి యాప్‌లు ఎక్కువగా చూసేది ఓఎస్‌లో కంతలు ఉన్నాయా అని కాదు, ఆ ఓఎస్ తయారీదారు ముద్రతో వచ్చిందా, బూట్‌లోడర్‌కు తాళం ఉందా అని. కోడ్ మొత్తం తెరిచే ఉంది, మార్చి వాడుకునే లైసెన్సూ ఉంది. అయినా ఆ ఫోన్‌తో బ్యాంకు పని కాదు. రాబోయే రోజుల్లో ఓపెన్ సోర్స్‌కు అడ్డంకి విండోస్ కన్నా ఇలాంటి తనిఖీల నుంచే ఎక్కువగా వస్తుందని నా అంచనా.

మరి కోడ్ తెరిచి ఉంటే ఏం లాభం? సర్వర్లలో వాడే ఉచిత లినక్స్ సెంట్‌ఓఎస్ సంగతి చూడండి. సెంట్‌ఓఎస్ 8కి 2029 దాకా సపోర్ట్ ఉంటుందని అందరూ సర్వర్లలో వేసుకున్నారు. 2020 డిసెంబరులో దాని వెనక ఉన్న రెడ్ హ్యాట్ కంపెనీ దాన్ని 2021 చివరికే ముగిస్తున్నట్టు ప్రకటించింది. టెన్షన్ పడిన మాట నిజమే. కానీ కొన్ని నెలల్లోనే అదే సోర్స్ నుంచి ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ పుట్టాయి. మా సర్వర్లను ఆల్మాకు మార్చాం. బ్యాకప్ తీసుకోవడం, స్క్రిప్ట్ నడపడం, అది సాఫ్ట్‌వేర్ వచ్చే రిపోజిటరీలు, ప్యాకేజీలు మార్చేదాకా ఆగడం, రీబూట్. పైన నడిచే డేటాబేస్‌కు మార్పు తెలియను కూడా తెలియలేదు. 2025 అక్టోబరు 14న విండోస్ 10 ఉచిత సపోర్ట్ ఆగిపోయినప్పుడు ఆ దారి లేదు. దాన్ని తీసుకుని "మేం నడుపుతాం" అనే హక్కు ఇంకెవరికీ లేదు. ఇంకొంత కాలం అప్‌డేట్లు కావాలంటే మైక్రోసాఫ్టే ఇవ్వాలి. బాగా పనిచేస్తున్న కంప్యూటర్లు కూడా టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేదనో, ప్రాసెసర్ పాతదనో విండోస్ 11కి పనికిరాకుండా పోయాయి.

అలాగని ఓపెన్ సోర్స్ అంటే భద్రం అనుకోకండి. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న కంప్రెషన్ లైబ్రరీలో (ఫైళ్లను కుదించడానికి వేరే ప్రోగ్రామ్‌లు వాడుకునే కోడ్) దొంగదారి బయటపడింది. ఆ లైబ్రరీని ఖాళీ సమయంలో దాదాపు ఒంటరిగా నడుపుతున్న మనిషి అలసిపోయి ఉన్నాడు. ఎవరో మారుపేరుతో వచ్చి రెండేళ్లకు పైగా సాయం చేసినట్టు నటించి నమ్మకం సంపాదించి, ఆ దొంగదారి పెట్టారు. ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజనీరుకు ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని అనుమానం వచ్చింది, తవ్వుకుంటూ వెళ్లి పట్టుకున్నాడు. ఆయన తవ్వగలిగింది కోడ్ తెరిచి ఉండబట్టే. కానీ ఆ ఒక్కడికి అనుమానం రాకపోతే? అదే ఏడాది జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో నిలిచిపోయాయి. రెండు వైపులా ఎవరో ఒకరిని నమ్మక తప్పదు. ఓపెన్ సోర్స్‌లో ఆ నమ్మిన మనిషికి చాలాసార్లు జీతం కూడా ఉండదు. నన్నడిగితే పెద్ద ప్రమాదం అదే.

ఇక డెస్క్‌టాప్. "ఈ ఏడాది లినక్స్ డెస్క్‌టాప్‌దే" అన్న జోస్యం వినీ వినీ నవ్వు కూడా రావడం లేదు. జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ ఏళ్ల తరబడి లినక్స్ నడిపి, 2017లో మళ్లీ విండోస్‌కే వెళ్లాలని నిర్ణయించింది. అదే దేశంలో ష్లెస్విగ్ హోల్‌స్టైన్ రాష్ట్రం 2024లో ఓపెన్ సోర్స్ ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్‌కూ, లినక్స్‌కూ మారతామని ప్రకటించింది. ఈసారి ఖర్చు ఒక్కటే కాదు, తమ డేటా మీద పట్టు తమ చేతిలో ఉండాలన్నది కూడా కారణం. ఆటల్లో, విండోస్ ఆటలను లినక్స్‌లో నడిపే ప్రోటాన్ (2018), చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్ (2022) కలిసి చాలా మార్చాయి, కెర్నల్ లోపల కూర్చుని మోసాన్ని కనిపెట్టే యాంటీ చీట్ ఉన్న ఆటలు తప్ప. డెస్క్‌టాప్‌లో లినక్స్ పెరుగుతుంది, నెమ్మదిగా. విండోస్‌ను నెట్టేసేంత మాత్రం పెరగదని నా అభిప్రాయం.

మీ సంగతికి వస్తే, మీరు రోజూ తెరిచే సాఫ్ట్‌వేర్‌ను బట్టి ఉంటుంది. మా ఆఫీసులో బ్రౌజర్, మెయిల్, ఉత్తరాలతో సరిపెట్టుకునేవాళ్లకు మింట్ అనే లినక్స్ వేసి ఇస్తే వారంలో అలవాటు పడ్డారు. అకౌంట్స్ చూసే ఆవిడ ఎక్సెల్ మాక్రోలు మాత్రం లిబ్రేఆఫీస్‌లో సగం నడిచి సగం ఆగాయి. నెలాఖరులో ఆవిడకు ఆ తలనొప్పి ఎందుకని విండోస్ తిరిగి వేశాను, ఇప్పటికీ అదే ఉంది. ఫోటోషాప్, ఆటోక్యాడ్ మీద బతికేవాళ్లకూ నేను మారమని చెప్పను.

సరదా ఉంటే ముందు ఇన్‌స్టాల్ చేయకుండా యూఎస్‌బీ నుంచి లైవ్‌గా లినక్స్ నడిపి చూడండి. వైఫై, ప్రింటర్, రెండో మానిటర్ పనిచేస్తున్నాయా అన్నది చూడండి, ముఖ్యంగా మూత మూసి తెరిస్తే లాప్‌టాప్ మేలుకుంటోందో లేదో. నచ్చితే విండోస్ పక్కనే వేసుకోవచ్చు. అయితే డిస్క్ పార్టిషన్ ముట్టుకునే ముందు విండోస్‌లో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసుకుని, రికవరీ కీ ఆ కంప్యూటర్లో కాకుండా వేరేచోట రాసి పెట్టుకోండి. బూట్ సెట్టింగ్స్ మారగానే అది మొదట అడిగేది ఆ కీలోని 48 అంకెలే.