యాపిల్ చదివి మామిడి ఊళ్లో ఏం చేస్తుంది?

ప్రశ్న: మా అమ్మాయి వెంకట్రామన్నగూడెంలో బీఎస్సీ హార్టికల్చర్ చివరి సంవత్సరం. సౌతాఫ్రికాలోని స్టెలెన్‌బోష్ యూనివర్సిటీలో యాపిల్, పియర్ పండ్ల మీద ఎమ్మెస్సీ చేస్తానంటోంది. మామిడి, కొబ్బరి పండేచోట ఆ చదువెందుకని వాళ్ల నాన్న గొడవ. అసలు అక్కడ ఆ పంటకు భవిష్యత్తు ఉందా? - ఓ తల్లి, తాడేపల్లిగూడెం

జవాబు: అమ్మా, పంటకు ఢోకా లేదు. ఉద్యోగం సంగతే వేరు, దానికి తర్వాత వస్తాను.

సౌతాఫ్రికా రైతులకు కలిసొచ్చేది కాలం. యూరప్‌లో చెట్లు మోడులై నిలబడే ఫిబ్రవరి, మార్చిలో అక్కడి సెరెస్, ఎల్గిన్ ప్రాంతాల తోటల్లో యాపిల్ కోతలు జోరుగా సాగుతాయి. ఏటా సుమారు 12 లక్షల టన్నులు పండితే అందులో సగానికి కాస్త తక్కువ ఓడెక్కుతుంది. ఆఫ్రికా దేశాలు, ఆసియా, బ్రిటన్, యూరప్ అన్నీ కొంటాయి, మనమూ కొంటాం. 2025 ఆగస్టులో అమెరికా 30 శాతం సుంకం వేసింది కానీ, యాపిల్‌కి అది పెద్ద మార్కెట్ కాదు.

టెన్షన్ వేరేచోట ఉంది. ఈ చెట్లు చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోవాలి. చలి చాలకపోతే మొగ్గలు ఒక్కసారిగా విచ్చుకోవు. అక్కడ చలి అసలే అంతంతమాత్రం, అందుకే మందు కొట్టి చెట్టును లేపుతారు. మన ద్రాక్ష రైతులు డార్మెక్స్ వాడతారు చూడండి, అలాంటిదే. ఇక కేప్‌టౌన్ పోర్టు. వేసవిలో ఈదురుగాలి లేస్తే క్రేన్లు ఆపేస్తారు. ద్రాక్ష, ప్లమ్ కంటైనర్లు రోజుల తరబడి ఆగిపోతాయి. యాపిల్ ఓర్చుకుంటుంది గానీ ప్లమ్ ఓర్చుకోదు.

మీ అమ్మాయికి పనికొచ్చేది సరిగ్గా ఇదే. యాపిల్‌ను సున్నా డిగ్రీల దగ్గర, ఆక్సిజన్ ఒకటి రెండు శాతానికి తగ్గించిన గదిలో నెలల తరబడి నిలవ ఉంచుతారు. అదే చలిలో మన బంగినపల్లిని పెట్టి చూడండి, తొక్క మచ్చలు పడి, బయటికి తీశాక సరిగా పండదు. పచ్చి మామిడికి 12, 13 డిగ్రీలు కావాలి. ఏ పండుకు ఎంత చలి, ఎన్నాళ్లు అని లెక్కగట్టడం వచ్చినవాళ్లకు మామిడి ప్యాక్‌హౌస్‌లోనూ, అరటి మాగబెట్టే గదుల్లోనూ, ద్రాక్ష ఎగుమతిలోనూ పని ఉంటుంది. కాబట్టి థీసిస్ చెట్ల పెంపకం మీద కాకుండా, కోత తర్వాత పండును కాపాడటం మీద తీసుకోమనండి. నామాట వింటే లంబసింగిలో యాపిల్ తోట వేస్తానని మాత్రం కలగనొద్దు!

అక్కడే స్థిరపడాలని వెళ్తే నిరాశే. నిరుద్యోగం 30 శాతం దాటిన దేశంలో బయటివాళ్లకు ఉద్యోగం దొరకడం కష్టం. పైగా అక్కడి ఎమ్మెస్సీ ప్రధానంగా పరిశోధన. ముందు ప్రొఫెసర్ ఒప్పుకోవాలి. హోర్ట్‌గ్రో అనే పండ్ల రైతుల సంస్థ పరిశోధనలకు డబ్బిస్తుంది. అలాంటి ప్రాజెక్టులో స్టైపెండ్ దొరికితే పంపండి. లేకపోతే పొలం తాకట్టు పెట్టి పంపాల్సిన కోర్సు కాదిది.

అక్కడ తరగతులు ఫిబ్రవరిలో మొదలవుతాయి, డిసెంబరులో సెలవులు. ప్రొఫెసర్‌కి మెయిల్ ఈ వారమే పెట్టించండి.