మైనస్ 6 పవర్, 485 మైక్రాన్ల కార్నియా: లేసిక్ వద్దనే అంటాను

మైనస్ 6కి, 485 మైక్రాన్ల మందం ఉన్న కార్నియాకి (కంటి ముందుండే పారదర్శక పొర) లేసిక్, అంటే లేజర్‌తో పవర్ తగ్గించే ఆపరేషన్, చేయించుకోనా అని అడిగారు కదండీ, లెక్క చూడండి. ఫ్లాప్‌కి (లేసిక్‌లో కోసి పైకెత్తే పలుచని పైపొర) సుమారు 110, లేజర్ చెక్కేది ఒక్కో పవర్‌కి దాదాపు 15 చొప్పున 90 పోతే అడుగున మిగిలేది 285. కనీసం 250 చాలంటారు గానీ 300 ఉంటేనే నిశ్చింత. ఫ్లాప్ లేకుండా పైనుంచే లేజర్ చేసే పీఆర్‌కే కుదురుతుందేమో డాక్టర్‌ని అడగండి. కార్నియా ఆకారం చూపే టోపోగ్రఫీ స్కాన్‌లో కెరటోకోనస్ (కార్నియా పలచబడి ముందుకు పొడుచుకొచ్చే జబ్బు) అనుమానం వస్తే రెండూ వద్దు. స్కాన్‌కి ముందు సాఫ్ట్ లెన్సులు వారం రెండు వారాలు మానకపోతే రీడింగే తప్పొస్తుంది, మళ్లీ తీయించండి.

పీఆర్‌కే తర్వాత మూడు నాలుగు రోజులు మంట, నీళ్లు కారడం మామూలే. గాయం మానేదాకా కంటికి పెట్టే బ్యాండేజ్ లెన్స్‌ని డాక్టరే తీస్తారు, మీరు ముట్టుకోకండి. చూపు కుదురుకోడానికి వారాలు పడుతుంది. బాగానే ఉందని స్టెరాయిడ్ చుక్కలు మధ్యలో ఆపొద్దు, కార్నియా మీద మసక రావచ్చు. రోడ్డు దుమ్ములో బైక్ కొన్నాళ్లు పక్కన పెట్టండి. ఆఫీసు ఏసీ గాలి మొహం మీదికి రాకుండా కూర్చోండి.