పెళ్లి మేళం వద్దనుకున్నప్పుడు: మేనల్లుడికి ఉత్తరం

ఒరేయ్ అల్లుడూ,

రాత్రి నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ విన్నాను. శంషాబాద్ వైపు పెద్ద ఫంక్షన్ హాలు, మంచి రేటు, అడ్వాన్స్ కూడా పడింది. తీరా ఇప్పుడు ఈవెంట్ మేనేజర్ ఫోన్ చేసి, "డోలుకి ఆ సాయిబుల అబ్బాయి వద్దు, పెళ్లివారికి ఇష్టం లేదు, ఇంకొకరిని పెట్టుకోండి" అన్నాడు. నువ్వు వెళ్లనంటున్నావు. వెళ్లకు. అందులో నాది రెండో మాట లేదు. కాకపోతే వద్దనడానికీ ఒక పద్ధతుంది. నీ గొంతులో కోపం వింటే ఆ పద్ధతి తప్పుతావేమోనని ఇది రాస్తున్నాను. ఆ అబ్బాయి పేరు ఇందులో రాయను. ఈ రోజుల్లో ఉత్తరాలు ఫొటోలై ఊరంతా తిరుగుతున్నాయి.

ముందు ఆ మాట ఎవరన్నారో తేల్చుకో. మేళాన్ని కూడా పూలతో, లైట్లతో కలిపి ప్యాకేజీలో అమ్ముతున్నారు కాబట్టి పెళ్లివారికీ మనకీ మధ్య ఇద్దరు ముగ్గురుంటారు. ఎవరో మేనత్త గొణిగిన మాట మేనేజర్ దాకా వచ్చేసరికి "పెళ్లివారి నిర్ణయం" అయిపోతుంది. అందుకే పెళ్లికూతురి తండ్రికి నువ్వే ఫోన్ చెయ్. వాట్సాప్ వద్దు. "అయ్యా, డోలు మార్చమన్నారట, మీరే చెప్పారా?" అని అడుగు. "అబ్బే, నాకసలు తెలీదే" అంటే గొడవే లేదు. అవునంటే రెండు ముక్కల్లో ముగించు: "మా మేళంలో మనిషిని మతం చూసి తీసెయ్యను అండీ. మీ అడ్వాన్స్ ఇవాళే పంపిస్తాను, మీరు వేరే మేళం చూసుకోండి." ఇంతే. జ్వరం వచ్చిందనో, అదే ముహూర్తానికి ముందే ఒప్పుకున్న పెళ్లి ఉందనో చెప్పావా, ఇంకో తేదీ అడుగుతారు, అప్పుడు ఇంకో అబద్ధం వెతుక్కోవాలి.

ఆ ఫోన్‌లో ఆయనకి పాఠం చెప్పాలని నీకు నోరు ఊరుతుంది. చెప్పడానికి సరుకూ ఉంది. కరవదిలో పుట్టిన నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా గారు శ్రీరంగంలో స్థిరపడి రంగనాథుడి సన్నిధిలో వాయించారు. భద్రాచలం రాముడి ఆస్థాన విద్వాంసుడు గోసవీడు షేక్ హసన్ సాహెబ్, ఆయన పోయాక 2022లో పద్మశ్రీ ఇచ్చారు. షేక్ మహబూబ్ సుభానీ, కాలేషాబీ దంపతులకి అంతకు రెండేళ్ల ముందే, 2020లో ప్రకటించారు. గుంటూరు, ప్రకాశం వైపు ఆ కుటుంబాలు లేకపోతే మన తెలుగునాట నాదస్వరం ఈపాటికి ఏమైపోయేదో! శుభలేఖ మీద సీతారాముల బొమ్మ వేయించుకున్న పెద్దమనిషికి ఇదంతా చెప్తే ఆయన మొహం ఎలా ఉంటుందో చూడాలని నాకూ ఉంది. అయినా చెప్పకు. వాదన మొదలైతే ఆయన బేరంలోకి దిగుతాడు: ఇంకో ఐదు వేలు ఇస్తాననో, "ఈ ఒక్కసారికి" అనో. అప్పుడు నువ్వు కాదంటున్నది రేటుకేమో అన్నట్టు అయిపోతుంది.

ఆ ఫోన్ కంటే ముందు చెయ్యాల్సింది ఇంకోటుంది: డోలు అబ్బాయితో మాట్లాడటం. తన పేరు మీద ఇంత జరుగుతుంటే ఆఖరికి తెలిసేది తనకే కాకూడదు. అతను "నా వల్ల మీ అందరి కూలీ పోవడమెందుకు, వేరేవాళ్లని తీసుకెళ్లు అన్నా" అనొచ్చు. అంటాడనే నా అనుమానం, అలాంటి మాటలు వాడికి కొత్త కాదు. విను, కానీ నిర్ణయం నీదేనని చెప్పు. "నీ కోసం వదులుకున్నాను" అన్న మాట ఇప్పుడే కాదు, పదేళ్ల తర్వాత కూడా నీ నోట రాకూడదు. ఒకవేళ పెళ్లికూతురి తండ్రి మెత్తబడి "సరే, రమ్మనండి" అంటే, ఆ సంగతి కూడా అతన్నే అడుగు. అంతా తెలిశాక ఆ పందిట్లో కూర్చోవడం అతనికి ఇష్టం లేకపోవచ్చు. అప్పుడు మేళమే వెళ్లదు.

మీ అమ్మ ఫోన్ చేసింది. "ఒక్క పెళ్లికి డోలు మార్చుకుంటే ఏం మునిగిపోయింది అన్నయ్యా" అంటోంది. దాన్ని తప్పు పట్టను, ఇంటద్దె లెక్క దానికి తెలుసు. త్యాగయ్య రాజుగారి పిలుపు కాదన్నాడని మనం గొప్పగా చెప్పుకుంటాం గానీ, ఆయన ఉంఛవృత్తితో బతికాడు, నిజాంపేటలో డబుల్ బెడ్రూమ్‌కి అద్దె కట్టలేదు. కానీ డోలు మార్చడం మైకు మార్చినట్టు కాదని అమ్మకి నువ్వే చెప్పాలి. పురోహితుడు చెయ్యెత్తి "గట్టిమేళం" అనగానే, ఎవరి తుమ్మూ ఏ చెడుమాటా వినపడకుండా ఒక్క ఉదుటున లేవాల్సింది డోలే. ఆ అబ్బాయి కళ్లు మంత్రాలు మొదలైనప్పటి నుంచీ పంతులుగారి చేతి మీదే ఉంటాయి. కుడిచేతి వేళ్లకి తొడుగులు, ఎడమచేతిలో కర్ర, మెడ కొంచెం ముందుకి. నువ్వు ఊపిరి తీసుకునేలోపే వాడు మొదలుపెట్టి ఉంటాడు. అలాంటివాణ్ణి సంపాదించుకోవడానికి నీకు ఎంతకాలం పట్టిందో మర్చిపోకు.

ఇక డబ్బు సంగతి. నువ్వు ఎక్కువ తప్పులు చేసేది ఇక్కడే. రెండో సన్నాయి, రెండో డోలు, తాళం, శ్రుతి, వీళ్లెవరూ ఈ పెళ్లి మానేద్దామని అనలేదు. అన్నది నువ్వు. కాబట్టి ఆ రోజు కూలీ సగమైనా నీ జేబులోంచి వెళ్లాలి, కుదిరితే పూర్తిగా. నిర్ణయం నీదీ నష్టం వాళ్లదీ అయితే అది పెద్దరికం అనిపించుకోదు. చిలకలూరిపేట నుంచి వచ్చేవాళ్లకి బస్సు టికెట్ బుక్ చేసి ఉంటే ఇవాళే క్యాన్సిల్ చేయించు.

అడ్వాన్స్ వచ్చిన దారినే తిప్పి పంపు, పంపినట్టు ఒక్క లైను మెసేజ్ పెట్టు: మధ్యలో డోలు మార్చాలని షరతు పెట్టారు కాబట్టి ఒప్పుకోలేదని. ఒప్పుకున్న పని మానేస్తే నష్టపరిహారం అడిగే హక్కు అవతలివాళ్లకి ఉంటుంది, బలవంతంగా వాయించమని మాత్రం ఏ కోర్టూ చెప్పదు. ఇక్కడ మాట మార్చింది వాళ్లే. ఆ ఒక్క లైను నీ దగ్గర ఉంటే చాలు.

వాళ్లకి వేరే మేళం నంబర్ ఇవ్వకు. ఇస్తే ఆ అబ్బాయి స్థానంలో ఇంకొకరిని కూర్చోబెట్టింది నువ్వే అవుతావు. అలాగని నాన్చకు కూడా. ముహూర్తానికి ఇంకా మూడు వారాలుంది, ఇప్పుడు చెప్తే వాళ్లే వెతుక్కుంటారు. రెండు రోజుల ముందు చెప్పి ఉంటే నేను నిన్నే తిట్టేవాణ్ణి. ఆ పెళ్లికూతురు నీకేం ద్రోహం చేసింది?

ఫేస్‌బుక్‌లో పెడతానన్నావు, మానుకో. పదిమందీ మెచ్చుకుంటారు, కింద కామెంట్లలో ఆ అబ్బాయిని, వాడి ఇంట్లోవాళ్లని తిట్టేవాళ్లూ దిగుతారు. నీకు లైకులు, వాడికి టెన్షన్. మనవాళ్ల గ్రూపుల్లో సాయంత్రానికల్లా ఎలాగూ తెలిసిపోతుంది. ఈవెంట్ మేనేజర్ కొన్నాళ్లు పిలవడు. పిలవకపోతే పిలవడు, చిక్కడపల్లి, కూకట్‌పల్లి వైపు గుళ్లవాళ్లు నీకు తెలుసు కదా, ఈ వారంలోనే వెళ్లి కనపడిరా. ఆ తేదీకి ఇంకో పెళ్లి వస్తే ఒప్పుకో, పంతానికి ఖాళీగా కూర్చోనక్కర్లేదు. ఒప్పుకునేటప్పుడే మేళంలో ఎవరెవరు వస్తారో పేర్లు చదివి చెప్పు, ఆ తర్వాతే అడ్వాన్స్ తీసుకో.

రేపు పొద్దున పదిలోపు ఆయనకి ఫోన్ చెయ్. అడ్వాన్స్‌లో ఎంత ఖర్చయిపోయిందో దాచకుండా మీ అత్తయ్యకి చెప్పు, తనే ఫోన్‌పే చేస్తుంది. నాకా యాప్ రాదు.

ఆశీస్సులతో,
మామయ్య