మూసీ వరదపై పరిశోధన చేయబోయే అమ్మాయికి

చిరంజీవి అనూషకు ఆశీస్సులు.

1908లో మన హైదరాబాదును ముంచెత్తిన మూసీ వరదను నీ పీహెచ్‌డీకి విషయంగా ఎంచుకున్నావని మీ నాన్న చెప్పగా చాలా సంతోషించాను. ఇంటర్నెట్‌లో కనబడేవన్నీ ఒకరిని చూసి ఒకరు రాసినవేనని నీవు విసిగిపోయినట్లు కూడా తెలిసింది.

ముందు శోధగంగ వెబ్‌సైటు తెరువు. మన విశ్వవిద్యాలయాలకు సమర్పించిన సిద్ధాంత గ్రంథాలు అందులో ఉచితంగా దొరుకుతాయి. వాటిలోని వాదన కంటే చివరనున్న ఆధారాల పట్టికే నీకు ఎక్కువ అక్కరకు వస్తుంది. ఏ దస్త్రం ఎక్కడ ఉందో ఇంకొకరు శ్రమపడి కనిపెట్టి అక్కడ రాసిపెట్టారు. తరువాత యూనివర్సిటీ లైబ్రరీ లాగిన్‌తో పరిశోధన పత్రికల డేటాబేసు జేస్టోర్ చూడు. అందులో చాలా పత్రికలకు ఇటీవలి కొన్నేళ్ల సంచికలు ఉండవు కనుక, అక్కడ కనబడనంత మాత్రాన కొత్త పరిశోధన జరగలేదని అనుకోవద్దు.

వెతికే మాటల విషయంలో ఓపిక పట్టాలి. మన నగరం పేరును, నది పేరును ఆనాటి ఆంగ్ల రచనల్లో రకరకాల స్పెల్లింగులతో రాశారు. వాటన్నిటినీ ‘లేదా’ అని అర్థమిచ్చే OR అనే మాటతో కలిపి ఒకేసారి వెతుకు. పాత అచ్చును కంప్యూటర్ తప్పుగా చదివిన చోట ఏ మాట ఇచ్చినా ఫలితం రాదు. అలాంటప్పుడు పేజీలు తిప్పి కళ్లతో చూడవలసిందే.

అన్నిటికంటే ముఖ్యమైనది ఫస్లీ సంవత్సరం. నిజాం ప్రభుత్వ వార్షిక నివేదికలు ఆ లెక్కలోనే ఉంటాయి. ఫస్లీకి 590 కలిపితే ఆ ఫస్లీ ఏడాది మొదలైన క్రీస్తు శక సంవత్సరం వస్తుంది, కానీ ఫస్లీ ఏడాది అక్టోబరు మొదటి వారంలో మొదలవుతుంది. వరద వచ్చింది సెప్టెంబరు 28న, అంటే 1317 ఫస్లీ ముగియడానికి సుమారు వారం ముందు. అందువల్ల వరద జరిగిన ఏడాది నివేదిక ఒక్కటే చూసి ఆగితే, ఆ తరువాత నెలల తరబడి సాగిన సహాయ చర్యల వివరాలు నీకు అందవు. 1318 నివేదికను తప్పక చదవాలి.

జాతీయ అభిలేఖాగారం వారి వెబ్‌సైటు అభిలేఖ్ పటల్‌లో బ్రిటిష్ రెసిడెన్సీ, అంటే నిజాం దగ్గర ఉన్న బ్రిటిష్ ప్రతినిధి కార్యాలయం, వైపు కాగితాలు వెతుకు. స్కాన్ లేకపోయినా ఫైలు నంబరు, సంవత్సరం రాసుకో; ఢిల్లీకి వెళ్లినప్పుడు అవే దారి చూపుతాయి. నిజాం ప్రభుత్వం వైపు దస్త్రాలకు మాత్రం తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారానికి వెళ్లక తప్పదు. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైన అఫ్జల్‌గంజ్ లైబ్రరీలోనూ అడిగి చూడు.

ఏ డేటాబేసులో, ఏ తేదీన, ఏ మాటలతో వెతికావో నోటుబుక్కులో రాస్తూ ఉండు. జాబితా తయారయ్యాక నాకు పంపు. ఉర్దూ దస్త్రాలు చదవడానికి తార్నాకకు నీతోపాటు నేనూ వస్తాను.

మీ పెదనాన్న